బాగు

లారీ ఆఫీసులో మా ఆయన జీతం
మూడు నెలలు ముక్కలు ముక్కలుగా వచ్చింది.
అప్పుడు మానేశాను సాహు దుకాణం.
నున్నటి పొట్లం, దాని మీద అచ్చేసిన ధర,
గాజు బల్ల వెనక తిరిగే ఫ్యాను.
ఆ గాలికి కూడా మనమే కడుతున్నాం,
చల్లగా ఉంటుంది కాబట్టి తెలీదు.

గుణుపురంలో తొలి బస్సు అయిదున్నరకి.
కొండ కింద సంత దగ్గర దిగితే
మంచులో ముందు వాసనలు ఎదురొస్తాయి:
పచ్చి పసుపు, తడి అడ్డాకు, ఎండు చేప,
పనస కోసే కత్తికి రాసిన నూనె.
మనుషులు తరవాత.
చీకటుండగానే కొండ దిగిన సవర ఆడవాళ్ళు
బుట్టల వెనక, ఇంకా సగం నిద్రలో.

నా సంచిలో ఒక లెక్కల పుస్తకం.
ఊళ్ళో ధర ఒక వరస, సంత ధర ఒక వరస,
మధ్యలో తేడా నాది.
చోళ్ళు కుంచానికి ముప్పై.
పొట్టు తీయని కొండ కందులకి నలభై.
చీపురు కట్ట ఒకటి కొంటే
మన ఓపిక అరగాలి గానీ అది అరగదు.
బస్సు టిక్కెట్టు పోను
సంతకి నూట పాతిక దాకా మిగులు.
మిగులు అన్న మాట రాసినప్పుడల్లా
కింద రెండు గీతలు కొట్టేదాన్ని.

చింతపండు గురుబారి దగ్గర.
పేరు తరవాత తెలిసింది,
ముందు తెలిసింది
నుదుటి మీంచి గడ్డం దాకా దిగిన పచ్చబొట్టు గీత.
"ఎంత?" అన్నాను.
"బాగు" అంది.
"బాగుంది సరే, ఎంతకిస్తావు?"
"బాగు."
పక్క బుట్ట పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది.
వాళ్ళ మాటలో బాగు అంటే రెండట.
రెండు ఇరవైలు.

నేను ఒక వేలు చూపించాను.
ఆమె నా వేలు చూసింది, ఎండ చూసింది,
మళ్ళీ ఎక్కాల్సిన కొండ చూసింది,
తట్ట నా సంచిలోకి ఒంపేసింది.
మిగులు ఇరవై. రెండు గీతలు.
ఆ రాత్రి పదకొండు దాకా గింజలు తీశాను.
నా వేళ్ళకి కూలి ఏ వరసలోనూ వెయ్యలేదు.
ఆమె వేళ్ళకీ.

ఎండలు ముదిరాక ఒకరోజు
ఇంట్లో ఉప్పు నిండుకుని సాహు మెట్లెక్కాను.
నా ముందు గురుబారి.
ఉప్పు రెండు పొట్లాలు, సీసాడు నూనె, బట్టల సబ్బు.
కొంగు ముడి విప్పి
ఒక్కో నోటూ బల్ల మీద సాపు చేస్తోంది:
బొయ్, బాగు, యాగి...
సాహు అంకె చెప్పాడు.
ఆమె తగ్గించమని అడగలేదు.
నేను మాత్రం అక్కడ ఎప్పుడు అడిగాను?
ఏం మాట్లాడకుండా సబ్బు వెనక్కి జరిపింది.
ఆ నోట్లలో ఒకటి నాది కావచ్చు, కాకపోవచ్చు,
ఇరవై నోటు ఎవరి కొంగులోనైనా ఒకలాగే నలుగుతుంది.
సబ్బు నేను కొనిచ్చాననుకునేరు.
కొనివ్వొచ్చు కదా అని తోచేసరికి
ఆమె మెట్లు దిగిపోయింది.

తరవాతి సంతలో
నన్ను చూడగానే తనే ఒక వేలు ఎత్తింది.
నా మొహం కన్నా ముందు
నా ధర గుర్తుకొచ్చింది తనకి.
నేను రెండు వేళ్ళెత్తి "బాగు" అన్నాను.
అనుమానంగా చూసింది.
మళ్ళీ అన్నాను.
తట్ట ఒంపి, పైన దోసెడు కొసరు వెయ్యబోయింది.
వద్దని చెయ్యి పట్టుకున్నాను,
విదిలించుకుని మరీ వేసింది.

రాత్రి మా ఆయన పుస్తకం తిరగేసి,
"ఏటిది, చింతపండు రెట్టింపు రాశావు?
సంతలోనూ ధరలు మండిపోతన్నాయేటి?"
అప్పటికి గింజలు సగం తీశాను.
"లేదు," అన్నాను. "బాగు."